అరువు నెత్తురు

కాసులమ్మ ఒంట్లో తిరిగే నెత్తురు కాసులమ్మ ఒక్కదానిదే అని సూరాడపేటలో ఎవరూ అనుకోరు. అది ఊరుమ్మడి సొత్తు. వీధి కుళాయి నీళ్ళలాగా ఎవరికి అవసరమైతే వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళొచ్చు.

దానికో కారణం ఉంది. ఒకప్పుడు రొయ్యల షెడ్డులో ఐసు బల్ల దగ్గర పొద్దుటి నుంచీ నిలబడి తలలు తీస్తున్న ఒకావిడ కళ్ళు తిరిగి పడిపోయింది. పడడం పడడం కత్తుల మిషను మీద పడింది. ఆ గొడవ సద్దుమణిగాక కంపెనీ ఒక రూలు పెట్టింది. ఏటా వేట నిషేధం ఎత్తేసి పడవలు నీళ్ళలోకి దిగే వారంలో షెడ్డు ఆడవాళ్ళందరికీ రక్తపరీక్ష. రక్తం పది ఉంటే కార్డు మీద ముద్ర. పదికి తగ్గితే ఆ సీజనంతా ఇంటి దగ్గరే. నిలబడే గంటలు తగ్గించండి బాబూ అంటే మనుషుల్ని తగ్గించారన్నమాట.

మరి సూరాడపేటలో పది ఉన్న ఆడది ఎక్కడుంది? పేరుకి చేపలూరు. మంచి చేప ఏనాడూ ఊళ్ళో ఆగదు, ఐసు పెట్టెక్కి వెళ్ళిపోతుంది. మిగిలిందాంట్లో మగాడికి ముక్క, పిల్లలకి పులుసు, వండినదానికి గిన్నె అడుగు. ఏడూ, ఎనిమిదీ ఉంటే అదే గొప్ప.

కాసులమ్మ సంగతి వేరు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మొగుడు తుఫానులో పోయాడు, పిల్లల్లేరు. గిన్నె పైదీ అడుగుదీ కూడా తనే తింటుంది కాబట్టి ఎప్పుడు చూసినా పదమూడు. యాభై అయిదు దాటిందని మూడేళ్ళ కిందట కంపెనీ ఆవిడ పేరు కొట్టేసింది. పేరు కొట్టేశారుగాని నెత్తురు కొట్టెయ్యలేరు కదా! రక్తం రోజున తలకి నీలం టోపీ, మూతికి గుడ్డ తగిలించుకుని వచ్చి తెర వెనక కూర్చుంటుంది. ఆ వేషంలో రెండువందల మందీ ఒక్క అచ్చులో పోసినట్టుంటారు.

తెర వెనక సూది పట్టుకునేది ఆవిడ తమ్ముడు లోవరాజు. బజారు వీధిలో రెండు గదుల ల్యాబు అతనిది. తల్లి పోయాక అతన్ని పెంచింది అక్కే. బీయస్సీ, ఆ తర్వాత ల్యాబు కోర్సు, అంతా ఆవిడ ఐసునీళ్ళలో నానబెట్టిన వేళ్ళ మీదే నడిచింది. ఆ వేళ్ళ కొసలు ఇప్పటికీ ఉడికిన రొయ్యల్లా ముడతలు పడే ఉంటాయి.

“ఇప్పుడెవరి పేరు మీదరా?” అంది కాసులమ్మ చెయ్యి చాపి.

“దేవుడమ్మ.”

“ఒలే దేవుడూ! నీ మొగుడు నిన్న వీధిలో నిలబెట్టి తిట్టాడంట గదే. ఈసారి ఎదురు తిట్టు. కాయితం మీద నీ ఒంట్లో ఉన్నది కాసులమ్మ నెత్తురు. పరువు తియ్యకు.”

తెర అవతల నవ్వులు. లోవరాజు ఒక్క పోటుతో పెద్ద సిరంజి నింపి, ఊదారంగు మూతల గొట్టాల్లోకి ఒకదాని తర్వాత ఒకటి వొంపుతున్నాడు.

“తర్వాత?”

“నూకరత్నం.”

“దీనికి మూడేళ్ళ నుంచీ ఇస్తన్నాను. ఒక్కనాడు గిన్నెడు పీతల కూర పంపిన పాపాన పోలేదు.”

“పంపానక్కా, దార్లో పిల్లి తినేసింది” అంది తెర అవతల నుంచి నూకరత్నం. వీళ్ళ చిన్నమ్మ కూతురే.

“ఆ పిల్లికి మీసాలు నీ మొగుడివేమో చూసుకో!”

ఆ ఏడాది అయిదుగురు. దేవుడమ్మ, నూకరత్నం, ఇంకో ముగ్గురు. ఒక్క పోటు, అయిదు గొట్టాలు, అయిదు పేర్లు. తప్పని లోవరాజుకి తెలుసు. తెలిసి ఏం చేస్తాడు? ఏడున్నర రక్తంతో రేవు నుంచి తట్ట మోసుకొచ్చే మనిషికి ఐసు బల్ల దగ్గర పని లేదని చెప్పడానికి అతనికి నోరు రాదు.

ఆ ఏడాది కొత్తగా వచ్చింది ఒక్కటే. జల్లెడ.

కుట్టు మిషనంత పెట్టె. మామూలుగా రక్తకణాలు లెక్కపెట్టే మిషను పక్కన దాన్ని కూర్చోబెట్టింది డాక్టర్ హైమవతి. విశాఖలో పరిశోధన చేసే మనిషి. రబ్బరు చెప్పులు, భుజానికి గుడ్డసంచీ. పెట్టె బిగిస్తున్నంతసేపూ లోవరాజు పక్కనే నిలబడి రెంచీలు అందించాడు.

“మామూలు రక్తపరీక్షలో క్యాన్సరు తెలుస్తుందాండీ?” అని అడిగాడు. ల్యాబుకొచ్చేవాళ్ళు రోజుకి పదిమంది తననడిగే ప్రశ్నే.

“రక్తానికే పట్టిన క్యాన్సరైతే కణాల లెక్కలో తేడా కనపడొచ్చు. మిగతావి దాదాపు కనపడవు. మా అమ్మకి ఏటా చేయించాను లోవరాజు గారూ. ఏటా అన్నీ మామూలే అని వచ్చేది. బయటపడేసరికి నెలన్నర మిగిలింది.” ఆవిడ స్క్రూ బిగించి చెయ్యి తుడుచుకుంది. “వడ్రంగి పని చేసేచోట రంపపు పొట్టు లేస్తుంది కదా. ఆ పొట్టు గాల్లో మన పెరట్లో పడిందనుకోండి, ఎక్కడో చెక్క కోస్తున్నారని తెలుస్తుంది. ఒంట్లో కణం చచ్చినా అలాగే పొట్టు రాలుతుంది. చెడ్డ కణం పొట్టు వేరేగా ఉంటుంది. ఆ వేరే పొట్టుని ఇది జల్లించి లెక్కపెడుతుంది. అదే చుక్క, అదే గొట్టం. కంతి కంటికి కనపడడానికి నాలుగైదేళ్ళ ముందే చెబుతుంది.”

“ఏ వీధిలో కోస్తున్నారో?”

ఆవిడ రెంచీ సంచీలో పడేసింది. “అది చెప్పదు” అంది.

నలభై లోపు వస్తే భయం లేదు. నలభై దాటితే లోపల ఎక్కడో మొలక ఉన్నట్టు. ప్రభుత్వం ఇచ్చిన అనుమతి షెడ్డు కార్డు ఉన్నవాళ్ళకే, అదీ యాభై అయిదేళ్ళ లోపు వాళ్ళకే. కార్డు గీకితే తప్ప పెట్టె నోరు తెరవదు.

రక్తం రోజు మర్నాడు పొద్దున్నే లోవరాజు గొట్టాలన్నీ ఒకదాని వెనక ఒకటి పెట్టుకుంటూ వచ్చాడు. పన్నెండు. తొమ్మిది. పదహారు. ఏడు. టీ తాగాడు. మళ్ళీ పెట్టాడు. దేవుడమ్మ కార్డు గీకితే పెట్టె కుయ్యిమని, యాభై రెండు అంది. ఎర్రగా.

అయ్యో పాపం దేవుడమ్మ అనుకున్నాడు. ఆ మాట పూర్తిగా అనుకోకముందే ఆ గొట్టంలో ఉన్నది ఎవరి నెత్తురో గుర్తొచ్చింది. మిగతా నాలుగు గొట్టాలూ వెతికి తీశాడు. యాభై మూడు. యాభై రెండు. యాభై ఒకటి. యాభై రెండు.

గోడ మీద చార్టులో మనిషి బొమ్మ ఉంది, లోపలి అవయవాలన్నీ కనిపించేటట్టు. లోవరాజు దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. ఏ వీధి? ఏ వీధిలో కోస్తున్నారు?

అంకెలు తీగల మీద విశాఖ కూడా వెళ్ళిపోయాయి. పదకొండింటికి హైమవతి ఫోను.

“లోవరాజు గారూ, చూశారా? ఒక్క ఊళ్ళో అయిదుగురు! అందరివీ ఇంచుమించు ఒకే అంకె! ఒకే నీళ్ళు, ఒకే పని, ఒకే వయసు... అక్కడ ఏదో ఉందండీ. మిగతా ఊళ్ళలో వెయ్యికి ఒకళ్ళు కూడా రాలేదు.” ఆవిడ మాటలు ఒకదాని మీదొకటి పడుతున్నాయి. సంతోషం కాదు, భయమూ కాదు. ఇరవై ఏళ్ళు గుమ్మంలో నిలబడ్డవాళ్ళకి లోపల గొళ్ళెం తీసిన చప్పుడు వినపడితే అలాగే ఉంటుంది. “కంగారు పడొద్దని చెప్పండి వాళ్ళకి. మొలక దశకి మందు తయారుగా ఉంది. మొదటి విడతకి మనుషులు దొరక్క ఆగాం. అంకె ఎనభై దాటకుండా మొదలుపెట్టాలి, అంతే.”

లోవరాజు పెదాలు తడుపుకున్నాడు. “మేడమ్, మా అక్కకి యాభై ఎనిమిదండి. ఆవిడక్కూడా ఒకసారి ఆ పరీక్ష...”

“యాభై అయిదు దాటితే కుదరదండీ. ఆ గీత నేను గీసింది కాదు. సొంత పిన్నిని చేర్చమంటే నన్నే కాదన్నారు. తర్వాత విడతలో చూద్దాం.”

“తర్వాతదంటే?”

“ఇది నెగ్గితే... రెండేళ్ళు.”

ఆ నెత్తురు మా అక్కదేనని చెప్పేద్దామనుకున్నాడు. చెప్తే అయిదు కార్డులు పోతాయి, ల్యాబు పోతుంది. అవి పోతే పోనీ. ఆ అయిదు పేర్ల మీద వచ్చే మందు కూడా ఆగిపోతుంది.

సాయంత్రం అయిదుగురూ ల్యాబుకొచ్చారు. బెంచీ మీద నలుగురికే చోటు, నూకరత్నం గుమ్మంలో కూర్చుంది. వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. కాయితం మీద తమ పేరుంది, తమ నెత్తురు లేదు. ఎవరిదో వాళ్ళకి తెలుసు.

“పాపిష్టిదాన్ని. పీతల కూర కూడా పంపలేదు” అంది నూకరత్నం. ఈసారి ఎవరూ నవ్వలేదు.

దేవుడమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. అయిదుగురిలోకీ బుర్ర పదునైన మనిషి. “బాబూ, మనం అడ్డగాడిదల్లాగ ఏడుస్తున్నాం గాని, దారి ఇక్కడే ఉంది. అది మా పేరు మీద నెత్తురిచ్చింది. ఇప్పుడు మా పేరు మీద మందు పుచ్చుకుంటది. అరువు తీరిపోద్ది.”

“అక్కకి ఏమని చెప్పాలి?”

“నీకుందని మాత్రం చెప్పకు. ఎక్కడుందంటది. ఎక్కడుందో మనకి తెలీదు. తెలీని దాన్ని ఒంట్లో పెట్టుకుని అది ముద్ద ఎలా మింగుద్ది?”

లోవరాజు గోడ మీద మనిషి బొమ్మ వంక చూశాడు. ఎక్కడుందో సైన్సుకీ తెలీదు.

అక్కకి చెప్పిన అబద్ధం చాలా తేలిగ్గా అతికింది. “షెడ్డోళ్ళు కొత్త టీకాలు పెట్టారక్కా. ముందు విశాఖలో ఒంటికి ఫొటో తీస్తారంట. రక్తం తక్కువున్నోళ్ళు తట్టుకోలేరు. వేయించుకోకపోతే కార్డు తీసేస్తారంట.”

“దానికి ఇంత నసుగుడేట్రా? నేను లేనా?” అంది కాసులమ్మ, ఎండుచేపలు తిరగేస్తూ.

ముందు విశాఖలో స్కానింగు. నలుగురు తమ ఒళ్ళు తామే తీసుకెళ్ళారు. వాళ్ళల్లో ఏమీ లేదు, ఉండదు. నూకరత్నం పేరు మీద కాసులమ్మ వెళ్ళింది, చిన్నమ్మ పోలిక ఇద్దరిలోనూ ఉంది కాబట్టి కార్డు మీద బొమ్మ ఎవరూ పట్టిచూడలేదు. తెల్లటి గుండ్రటి పెద్ద మిషనులోకి ఆవిడ జారిపోతుంటే లోవరాజు అద్దం ఇవతల నిలబడ్డాడు. నలభై నిమిషాలు. అన్నేళ్ళలో అక్క నలభై నిమిషాలు పడుకుని ఉండగా అతను చూడలేదు.

అందులోనూ ఏమీ లేదు. ఆవగింజలో పదోవంతు కూడా లేనిదాన్ని ఏ మిషను పట్టుకుంటుంది?

బయటికొచ్చి కాసులమ్మ జాకెట్టు సర్దుకుంటూ, “రొయ్యని పెట్టే ఫ్రీజరులాగుందిరా లోపల. ఒలవడం ఒక్కటే తక్కువ” అంది. తర్వాత సముద్రపు ఒడ్డున మొక్కజొన్న పొత్తు కొనిపెట్టమని అడిగి, విశాఖ సముద్రానికి మన సముద్రమంత రుచి లేదని తేల్చింది.

ఆ పై వారం మందు వచ్చింది. చల్లటి పెట్టెలో అయిదు అట్టపెట్టెలు, ఒక్కోదాంట్లో పన్నెండు చిన్న సీసాలు. పన్నెండు గురువారాలు. ఒక్కో పెట్టె మీద ఒక్కో పేరు.

“ఒక్క సంగతి లోవరాజు గారూ” అంది ఫోనులో హైమవతి. “అన్నిట్లో మందు ఉండదు. కొన్నిట్లో ఉట్టి ఉప్పునీళ్ళు ఉంటాయి. ఏది ఏదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. పన్నెండు వారాలయ్యాకే చీటీ విప్పుతారు. పోల్చి చూసుకోవాలి కదా, లేకపోతే మందు పనిచేసిందని ఎలా తెలుస్తుంది? పెట్టెలు మాత్రం కలపొద్దు, ఒకే మనిషికి రెండు మోతాదులు పడితే ప్రాణానికే ముప్పు. మధ్యలో తెగితే ఒళ్ళు మొండికేసి, ఆ మందుకి మళ్ళీ లొంగదు.”

లోవరాజు అయిదు పెట్టెలూ బల్ల మీద వరసగా పెట్టి చూశాడు. ఒక్కోదాంట్లోంచి ఒక్కో సీసా ఎత్తి వెలుగులో పెట్టాడు. ఒకటే తేట. ఊపాడు. ఒకటే బుడగ. పదివేల మంది మూత్రం రంగు చూసి జబ్బు చెప్పినవాడికి ఆ అయిదింటిలో తేడా దొరకలేదు.

శుక్రవారం పొద్దున్నే అయిదుగురూ అతన్ని రేవులో గంగమ్మ రాయి దగ్గరికి తీసుకెళ్ళారు. కొత్త వలలు దించాలన్నా, సంబంధం ఖాయం చేయాలన్నా సూరాడపేటలో రాతికి పూలు పెట్టి అడుగుతారు. రాయికి తడి పసుపు పూసి అయిదు పూలు అంటించారు. ఒక్కో పువ్వు ఒక్కో మనిషి పెట్టె. ఏది ముందు రాలితే అది. బీయస్సీ చదివిన లోవరాజు చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంకేం చేస్తాడు? ఏ పెట్టెలో మందో, ఏ పెట్టెలో నీళ్ళో లాటరీ వేసే కంప్యూటరుకి పేరులేదు. ఈ తల్లికి కనీసం పేరుంది.

గాలి తిరిగింది. మందారం ఊగింది, నిలిచింది. నందివర్ధనం రాలింది. దేవుడమ్మ పెట్టె.

“తల్లీ, నా కాగితానికి సంతకం పెట్టావు” అని దేవుడమ్మ ఇసకలో సాష్టాంగపడింది.

అప్పట్నుంచీ గురువారం గురువారం కాసులమ్మ ల్యాబుకొచ్చేది. రాగానే స్టూలు లాక్కుని చెయ్యి చాపేది.

“ఇవాళెవరి పేరు మీదరా?”

“దేవుడమ్మ.”

“ఎప్పుడూ దేవుడమ్మేనా? ఆ మిగతా నలుగురూ?”

“వాళ్ళవి తర్వాత చూద్దాంలే.”

ఆవిడ వెళ్ళాక మిగతా నాలుగు పెట్టెల్లోంచి ఒక్కో సీసా తీసి, సూదితో మూతలోంచి లాగి, చేతులు కడుక్కునే తొట్టిలో వదిలేసేవాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆ మందు ఎక్కితే ఎముకల్లో గుజ్జు దెబ్బతింటుందని కాయితంలో ఉంది. ఏడు రక్తం ఉన్నవాళ్ళ ఎముకల్లో గుజ్జు! అందుకని తొట్టిలోకి. కుళాయి తిప్పేవాడు. ఉత్త సీసాల్ని లెక్కకి మళ్ళీ పెట్టెలో పెట్టి ఫ్రిజ్జులో సర్దేవాడు. కంపెనీకి సీసాలు తిరిగి అప్పగించాలి.

“జ్వరం గాని వచ్చిందా అక్కా?”

“నాకేం జ్వరంరా? నీళ్ళు పొడిచినట్టుంది. రక్తం ఎంతుంది?”

“పదమూడు.”

“చూశావా! ఈ పేటలో నాకు సాటి ఎవరు?” అని మామూలు రిపోర్టు కాగితం అడిగి పట్టుకెళ్ళేది. అన్నీ నల్ల సిరా అంకెలే. దేని పక్కనా చుక్క లేదు. ఆ కాగితం రేషను కార్డుతోపాటు ట్రంకుపెట్టెలో దాచుకుంది.

నెలకోసారి అయిదుగురి గొట్టాలూ జల్లెడలో పెట్టాలి. అయిదింట్లోనూ కాసులమ్మ నెత్తురే. అది తప్ప వేరే దారి లేదు. అసలు మనుషుల నెత్తురు పెడితే ఒక్క నెలలో అయిదుగురికీ పూర్తిగా నయమైపోయినట్టు వస్తుంది. అప్పుడు మందు ఆపేస్తారు.

మొదటి నెల అంకె అరవై. కొన్నాళ్ళు పెరిగి తగ్గుతుందేమోననుకున్నాడు. రెండో నెల అరవై తొమ్మిది. హైమవతి ఫోనులో మాటలు తగ్గిపోయాయి. లోవరాజు బరువు తగ్గాడు. భార్య అడిగితే ల్యాబులో పని ఎక్కువైందన్నాడు. నూకరత్నం వారానికి రెండుసార్లు కాసులమ్మకి పీతల కూర పంపడం మొదలుపెట్టింది. “దీనికి దెయ్యం పట్టిందేటి?” అని కాసులమ్మ ఊరంతా చెప్పుకు తిరిగింది.

పన్నెండో గురువారం అయిపోయింది. జల్లెడ ఎనభై మూడు అంది.

మర్నాడు హైమవతే చేసింది. ఎప్పటిలా ‘లోవరాజు గారూ’ అనలేదు. తిన్నగా చెప్పింది. “అయిపోయిందండీ. నిన్న చీటీ విప్పారు. అయిదు పెట్టెల్లో నాలుగు మందే. నలుగురు మందు మీదున్నారు, ఒకరు నీళ్ళ మీదున్నారు. అయిదుగురికీ ఒక్కలాగే పెరిగింది. మందుకీ నీళ్ళకీ తేడా లేదు. పనిచెయ్యదని రాసిచ్చేశాను. ఉన్న సరుకంతా రాత్రే నాశనం చేశారు. వాళ్ళ ఇళ్ళకి నేనే వచ్చి చెప్తాను. క్షమాపణ అడగాలి కదా.”

లోవరాజు గోడ మీద మనిషి బొమ్మని పట్టుకున్నాడు. చార్టు ఊడి చేతికొచ్చింది.

“మేడమ్, ఆ అయిదుగురూ అయిదుగురు కాదండి.”

“అంటే?”

“ఒక్క మనిషండి. మా అక్క.”

పది మాటల్లో చెప్పేశాడు. మూడు నెలలు దాచింది చెప్పడానికి పది మాటలు చాలాయి. అవతల ఫోనులో పంకా తిరుగుతున్న చప్పుడు.

“ఆవిడకి సూది ఏ పెట్టెలోంచి ఇచ్చారు?”

“మూడో పెట్టె. దేవుడమ్మది.”

కాగితం తిప్పిన చప్పుడు. నీళ్ళు ఏ పెట్టెలో ఉన్నాయో ఆవిడ చెప్పలేదు, అతను అడగలేదు.

“మిగతా నాలుగూ?” అంది కాసేపటికి.

“తొట్టిలో పోశానండి.”

ఆవిడ ఏడుస్తోందో ఏమో తెలీదు. తిడితే బాగుండుననుకున్నాడు. తిట్టలేదు.

“ఆ మందు పనిచేసేదాండీ?”

“ఇక ఎవరికి తెలుస్తుంది లోవరాజు గారూ?”

“మళ్ళీ తయారుచేస్తే?”

“నేను రాసింది తప్పని నేనే రాయాలి. నమ్మాలి వాళ్ళు. రెండేళ్ళు, మూడేళ్ళు. ఎనభై దాటాక అది ఎలాగూ...” ఆగిపోయింది. “మూడు నెలలకోసారి ఆవిడకి స్కానింగు తీయిద్దాం. ఎక్కడో ఒకచోట కనపడాలి కదా. అప్పుడు కోయించడమో, ఏదో.”

“కనపడేదాకా?”

“చూస్తూ ఉండడమే.”

ఫోను పెట్టేశాక దేవుడమ్మకి కబురు చెప్పి, లోవరాజు ఫ్రిజ్జు తెరిచాడు. నాలుగు పెట్టెలు, నలభై ఎనిమిది ఉత్త సీసాలు. ఒకటి తీసి కిటికీ వెలుగులో వంచాడు. అడుగున, గాజు మూలలో, ఒక చిన్న తడి మెరిసింది.

చక్కెర జబ్బు వాళ్ళకి వాడే సన్నటి సూది ఒకటి తీశాడు. మొదటి సీసా రబ్బరు మూతలోంచి గుచ్చి, తలకిందులు చేసి, ఆ తడిని లాగాడు. సూదిలో సగం గీత కూడా కదల్లేదు. రెండో సీసా. మూడోది. పొద్దెక్కింది. ల్యాబుకొచ్చినవాళ్ళని రేపు రమ్మన్నాడు. తొట్టిలోకి పోసినప్పుడు ఎంత తొందరగా అయిపోయేవి! ఇరవై సీసాలు. ముప్ఫై. చేస్తున్నది పిచ్చిపనని అతనికి తెలుసు. ఆ ల్యాబులో అతని కంటే బాగా తెలిసినవాడు లేడు. నలభై ఎనిమిదీ అయ్యేసరికి సూదిలో ఒక్క మోతాదులో నాలుగోవంతు తేలింది.

గుమ్మంలో చెప్పుల చప్పుడు.

“వీధిలో అందరూ నన్ను చూసి కళ్ళు తుడుచుకుంటన్నారేట్రా? ఆ నూకరత్నమైతే కాళ్ళు పట్టేసుకుంది. పీతలు ఏమన్నా విషప్పీతలా ఏటి?” కాసులమ్మ స్టూలు లాక్కుంది. బల్ల మీద సీసాల గుట్ట చూసింది. తమ్ముడి చేతిలో సూది చూసింది. గురువారం నిన్ననే అయిపోయిందని ఆవిడకి గుర్తులేదో, గుర్తుండీ అడగలేదో. అలవాటుగా రవిక చేతి మడత పైకి తోసి చెయ్యి చాపింది.

“ఇవాళెవరి పేరు మీదరా?”

లోవరాజు రబ్బరు పట్టీ కట్టాడు. ముడి పడలేదు. మళ్ళీ కట్టాడు.

“నీ పేరు మీదే అక్కా.”

కాసులమ్మ తమ్ముడి మొహంలోకి చూసింది. చూస్తూనే ఉంది. బయట ఐసు బండి వెనక్కి వస్తున్న చప్పుడు వచ్చి, ఆగింది. ఆవిడ చూపు నెమ్మదిగా కిందికి దిగి, చాపిన తన చేతి మీద నిలిచింది. ఎవరిదో చేతిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

“నా పేరు మీదా?” అంది. “అయితే కాస్త నెమ్మదిగా పొడువురా. ఇన్నాళ్ళూ ఎవరిదో ఒళ్ళు కదా అని నేను పట్టించుకోలేదు.”